పుస్తకం తెరెనక, పద్యం నోట్లో

చేతిలో నోటుబుక్కు పెట్టుకొని స్టేజీ ఎక్కినోణ్ణి మా కాలంలో వేషగాడు అనేటోళ్లు కాదు. "వీడు పద్యం పాడతాండాడా, రేషను లిస్టు చదువుతాండాడా?" అని ముందు వరసలో కూర్చున్న ముసిలోళ్లు మొహమ్మీదనే అనేసేటోళ్లు. అందుకే తల్లీ, "కాలేజీలో కథ చెప్పే పోటీ ఉంది, కాగితం చూసి చెప్పొచ్చా తాతా?" అని నువ్వు అడిగితే టక్కున జవాబు చెప్పలేకపోయినా. చూడమనీ అనలేను, వద్దనీ అనలేను. అబ్బోడా, ఆ కట్టె రవ్వంత ముందుకి తోయి. ధనుర్మాసం చలి, ఎట్లా నిద్ర పట్టదు. చెప్తా వినండి.

ముందు మా అవ్వ సంగతి. అవ్వకి అక్షరం ముక్క రాదు. తెల్లారుజామున తిరగలి ముందు కూర్చొని రాగులు విసురుతా ఊర్మిళాదేవి నిద్ర పాట మొదలుపెడితే, సంగటికి సరిపడా పిండి అయ్యేదాకా పాట తెగేది కాదు. నేను చిన్నప్పుడు, "అవ్వా, లక్ష్మణస్వామి వచ్చి లేపేది మాత్రం పాడు" అంటే ఆమెకి చాతనయ్యేది కాదు. "అట్ల నడుమ నుంచి రాదురా" అని మొదటికి పోయేది. తిరగలి పిడి చేతిలో లేకుంటే అసలు పాటే రాదు. పండగనాడు చాప మీద కూర్చోబెట్టి పాడమంటే రెండు మాటలు అని సిగ్గుపడి లేచిపోయేది. పాట ఆమె తలకాయలో ఎంత ఉండెనో, చేతిలో అంత ఉండె అనుకుంటా.

ఇంకోటి. నేను పెద్దయినాక గమనించినా: నిన్న పాడినట్టు ఈ పొద్దు పాడేది కాదు. ఒక పొద్దు నాలుగు మాటలు ఎక్కువ, ఒక పొద్దు రెండు తక్కువ. అడిగితే ఒట్టేసి చెప్పేది, "మా యమ్మ పాడినట్టే పాడినా, ఒక్క మాట మార్చలే" అని. నువ్వే కదమ్మా చెప్పినావు, 1930లలో మిల్మన్ పారీ అనే అమెరికా పండితుడు యుగోస్లావియాకి పోయి చదువురాని గాయకులతో కథలు పాడించి రికార్డు చేసుకున్నాడని, వాళ్లూ ఇదే మాట అన్నారని. నాకేం ఆశ్చర్యం కాలేదు. మా ఇంట్లోనే చూసినా గదా.

అవ్వ పాట వంగుతుంది. పద్యం వంగదు. ఒక్క అక్షరం తగ్గినా కుంటుతుంది. ఆ తేడా తెలిసింది నాకు మైన్సుకి పోయినాకనే.

మాది బేతమంగళం పక్క పల్లె. కేజీఎఫ్‌కి, అంటే కోలారు బంగారు గనులకి, తాగే నీళ్లు పోయేది మా బేతమంగళం చెరువు నుంచే. నేను ఛాంపియన్ రీఫ్‌లో పనికి చేరినప్పుడు 1962. ఆ ఏడే మైన్సు మైసూరు సర్కారు చేతిలో నుంచి ఢిల్లీ సర్కారు చేతికి పోయె. మైసూరు సర్కారు కంటే ముందు, 1880 నుంచి, జాన్ టేలర్ కంపెనీ దొరలదే రాజ్యం. సినిమాలో చూపించిన కేజీఎఫ్ వేరు, మేము చూసింది వేరు. మా దాంట్లో హీరో లేడు. షిఫ్టు సైరను, టోకెను, లైన్లలో ఒకదానికొకటి అంటుకున్న ఇండ్లు, ఎండితే గాలికి లేచే సైనైడ్ దిబ్బ మన్ను, ఇదీ మా కేజీఎఫ్. ఉత్తరార్కాడు నుంచి వచ్చిన తమిళమోళ్లు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన తెలుగోళ్లు, చుట్టుపక్కల కన్నడమోళ్లు, గేట్ల దగ్గర పంజాబీ వాచ్‌మెన్లు. ఇంతమంది ఉన్న చోట ఒక్క భాషలో మాట్లాడితే ఎట్ల జరుగుతుంది? పొద్దున్నే తమిళం, మధ్యాన్నం కన్నడం, ఇంటికొస్తే తెలుగు.

ఇంగ డ్రామా అంటే మాత్రం తెలుగే. కురుక్షేత్రం. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, ఏ పల్లెకి పోయినా కురుక్షేత్రం డ్రామా అంటే తెలుగు పద్యాలే. ఇంట్లో కన్నడం మాట్లాడేటోడు సైతం దుర్యోధనుడి వేషం కడితే తెలుగులో గర్జించేటోడు.

మాకు నేర్పిన మేష్టరు కుప్పం వైపాయన. హార్మోనియం మేష్టరు అంటే హార్మోనియం ఒక్కటే కాదు. పాట నేర్పేది, అడుగు నేర్పేది, ఎవరికి ఏ వేషమో తేల్చేది అన్నీ ఆయప్పే. వేషానికి ఇంతని డబ్బు మేమే కట్టాల. కృష్ణుడికీ దుర్యోధనుడికీ ఎక్కువ, ద్వారపాలకుడికి తక్కువ. జీతం ఇచ్చి వేషం కట్టించే లోకంలో, చేతి డబ్బు పెట్టి వేషం కట్టినోళ్లం మేము. పైగా ఆడవేషాలకి బయట నుంచి ఆర్టిస్టులు వస్తే వాళ్ల ఖర్చూ మాదే.

మొదటి రోజు అందరం నోటుబుక్కులు పట్టుకొని పోయినాం. మేష్టరు ఒక్కొక్కరిదీ తీసి చూసి నవ్వినాడు. నాది కన్నడ అక్షరాల్లో తెలుగు. నేను బళ్లో చదివింది కన్నడం, తెలుగు మాట్లాడతా గానీ రాయను. ఈ జిల్లాలో అది వింతేమీ కాదు. కైవారం తాతయ్య, అదే యోగి నారేయణ యతీంద్రులు, తెలుగులో చెప్పిన తత్వాలు కూడా ఇక్కడ కన్నడ అక్షరాల్లోనే చదువుకుంటారు. కన్నడ అక్షరాలకీ తెలుగు అక్షరాలకీ పెద్ద తేడా లేదు కాబట్టి నాకు జరిగిపోయె. నా పక్కనోడు తమిళం చదివినోడు. వాడి నోటుబుక్కులో పద్యం తమిళ అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాల్లో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే గుర్తు. త, థ, ద, ధ అన్నిటికీ ఒకటే గుర్తు. వాడు రాసుకున్నప్పుడు తెలుసు ఏది ఏదో. వారం పోయినాక చూస్తే వాడికే తెలీదు. గద పట్టుకున్న భీముణ్ణి పీముడు అంటాడు!

మేష్టరు ఆ బుక్కులన్నీ తీసి హార్మోనియం పెట్టె మీద పెట్టి, "ముందు చెవితో నేర్చుకోండి. చెవికి పట్టినాక ఇవి ఇస్తా" అన్నాడు. ఒక పాదం ఆయప్ప పాడేది, మేము అనేది. మళ్లీ ఆయప్ప, మళ్లీ మేము. పద్యం మొత్తం వచ్చేదాకా బుక్కు చేతికి రాలే. అంత కటువుగా ఎందుకు అని అప్పట్లో కోపంగా ఉండె. ఇప్పుడు ఆలోచిస్తే, మూడు రకాల అక్షరాలు రాసే పదిమంది చేత ఒకే పద్యం ఒకే తీరున పలికించాలంటే ఆయనకి ఇంకో దారి లేదు.

నేర్చుకున్నది మరిచిపోకుండా ఉండేదానికి చోటు ఏది? మైనే. నైట్ షిఫ్టు ఉన్నోడు పగలు నిద్రపోవాల, డే షిఫ్టు ఉన్నోడు రాత్రి రిహార్సలుకి వస్తే తెల్లారి కళ్లు తెరవలేడు. అందుకని కేజిలో దిగేటప్పుడు పద్యం, లోపల నడిచేటప్పుడు పద్యం, టిఫిను డబ్బా తెరిచినప్పుడు పద్యం. ఛాంపియన్ రీఫ్ అంటే పదివేల అడుగులు దాటిన లోతు. అక్కడ రాయి చెయ్యి పెట్టలేనంత వేడి. కాగితం తీసుకుపోతే చెమటకి ముద్దయిపోయేది. తలకి కట్టిన లైటు రాయి మీద పడాల గానీ నోటుబుక్కు మీద కాదు. ఒకడు పాడితే ఇంకొకడు వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టేటోడు. ఎప్పుడన్నా దూరంగా రాయి పేలిన చప్పుడు వస్తే అందరి నోళ్లూ ఒక్కసారిగా మూతపడేవి. రాక్ బర్స్ట్ అంటే అంత భయం మాకు. కాసేపయినాక ఎవడో ఒకడు ఆగిన అక్షరం దగ్గర నుంచే మళ్లీ ఎత్తుకునేటోడు.

ఒకసారి మావోడొకడు, అర్జునుడి వేషం వాడిది, మరిచిపోతానని భయపడి పద్యం రాసిన చీటీని టిఫిను డబ్బా మూతలో మడిచి పెట్టుకున్నాడు. బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర సోదా ఉండేది గదా, బంగారం తెస్తామేమోనని. పంజాబీ వాచ్‌మెన్ ఆ చీటీ విప్పినాడు. వంకర టింకర అక్షరాలు. అర్థం కాలే. ఆఫీసు రూములోకి తీసుకుపోయినారు. అక్కడ ఒక గుమాస్తా దాన్ని చదివి, చదివి, "ఇది గాండీవం గురించి" అన్నాడు. "గాండీవం ఏ లెవెల్లో ఉంది?" అని వాచ్‌మెన్ అడిగినాడంట! ఆ తర్వాత ఎవడూ చీటీ తీసుకుపోలే.

మేష్టరు మాకు చెప్పిన కిటుకు ఇప్పుడు మీకు చెప్తా. ఇది బళ్లో చెప్తారు గానీ పరీక్ష కోసం చెప్తారు. ఉత్పలమాల లాంటి వృత్త పద్యాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు. అది ప్రాస. పాదం మొదటి అక్షరానికి జతగా నడుమ ఒకచోట ఇంకో అక్షరం వస్తుంది. అది యతి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకి 21, పదకొండు దగ్గర యతి. శార్దూలానికి 19, పదమూడు దగ్గర. మత్తేభానికి 20, పద్నాలుగు దగ్గర. మూడో పాదం మరిచిపోయినావనుకో, దాని రెండో అక్షరం ఏమిటో నీకు ముందే తెలుసు. మొదటి మాట దొరికిందంటే నడుమ రావాల్సిన అక్షరం ఏమిటో కూడా తెలుసు. చీకట్లో నిచ్చెన దిగేటోడికి కాలి కింద మెట్టు తగిలినట్టు. కవి ఆ నియమాలు అందం కోసమే పెట్టుకున్నాడని పండితులు అంటే అననీ. నా మటుకు అవి మరిచిపోయేటోడి కోసమే పెట్టినారు.

దీనికి ఇంకో రుజువు చెప్పేదా? సీసపద్యానికి ప్రాస నియమం లేదు. మా డ్రామాలో పాదాలు తారుమారయ్యేది ఎప్పుడూ సీసంలోనే. రెండో పాదం పోయి మూడో పాదం ముందొచ్చేది. రాగం బాగుంటే జనం పట్టించుకునేవాళ్లు కాదు గానీ, మేష్టరు చూపు చూస్తే తెలిసిపోయేది. సీసం ఉన్న వేషగాడికి మాత్రం పెందలాడే నోటుబుక్కు ఇచ్చేసేటోడు ఆయప్ప. వచనం సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగు బారల సమాసాలతో ఉండే ఆ డైలాగులకి యతి లేదు, ప్రాస లేదు, పట్టుకునేదానికి ఏమీ లేదు. దానికి మనిషి తోడు కావాల.

ఆ తోడు మా ప్రాంప్టరు. ఆయన సంగతి చెప్పాల. ఒకప్పుడు ఆయన మా చుట్టుపక్కల పేరున్న కృష్ణుడు. రాయబారంలో ఆయన పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ లేకుండా ముందుకి పోయేది కాదు. లోపల రాతి దుమ్ము పీల్చి పీల్చి సిలికోసిస్ వచ్చె. మైన్సులో ఎంతమందికో వచ్చిన జబ్బు అది. ఊపిరి చాలక రాగం తెగిపోతా ఉంటే ఒక ఏడు తనే కిరీటం తీసి కుర్రోడి చేతిలో పెట్టి తెరెనక్కి పోయినాడు. సైడువింగులో స్టూలు మీద కూర్చొని, ఒక చేతిలో టార్చి, ఒడిలో పుస్తకం. నేను ఆయన పక్కన నిలబడి చాలాసార్లు చూసినా. టార్చి ఎలిగేది కాదు, పుస్తకం తెరిచేది కాదు. అన్ని వేషాల పద్యాలూ ఆయనకి నోటికి వచ్చు. "మరి పుస్తకం ఎందుకు మామా?" అంటే, "అది లేకుంటే వాళ్లకి ధైర్యం ఉండదురా" అన్నాడు.

ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వేషగాడు ఆగితే మొదటి మాట ఒక్కటే అందించాల. రెండో మాట ఇవ్వకూడదు. మొదటి మాటతో అందుకోలేనోడు పద్యం నేర్చుకోలేదని లెక్క. పూర్తిగా అందిస్తా పోతే వాడి చెవి తెర వైపే ఉంటుంది, ముందున్న దుర్యోధనుడి వైపు ఉండదు.

శివనసముద్రం కరెంటు మైన్సుకి 1902లోనే వచ్చింది గానీ మా పల్లెకి వచ్చేదానికి ఎన్నో ఏండ్లు పట్టె. పెట్రోమాక్స్ లైట్ల కింద డ్రామా. రాత్రి పదికి గణపతి ప్రార్థన, తెల్లారేటప్పటికి దుర్యోధనుడు కూలేది. ఒకసారి కర్ణుడు నైట్ షిఫ్టులు వరసగా చేసి వచ్చినాడు. కుంతీదేవి ముందు నిలబడి నోరు తెరిచినాడు, పద్యం రాలే. మేష్టరు హార్మోనియం శ్రుతి పట్టుకొని రాగాన్ని సాగదీసినాడు. మా ప్రాంప్టరు మొదటి మాట అందించేలోపలే, ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసిలామె ఆ మాట గట్టిగా అనేసింది! పందిరంతా ఘొల్లుమనె. కర్ణుడు స్టేజీ మీద నుంచే ఆమెకి దండం పెట్టి పద్యం ఎత్తుకున్నాడు. ఆ రాత్రి అన్నిటికంటే పెద్ద వన్స్‌మోర్ దానికే. ఊరంతా పద్యాలు నోటికొచ్చిన చోట మరిచిపోవడానికి భయమేముంది? ఇప్పుడు నీ పోటీలో ముందు కూర్చున్నోళ్లకి నువ్వు చెప్పబోయే కథ తెలీదు. నీకే కాగితం అవసరం, మాకు కాదు. ఈ మాట నీ పక్షాన చెప్తాండా.

అయితే బట్టీకి కూడా ఒక రోగం ఉంది. మాలో కొందరు అర్థం తెలీకుండా గొంతులో ఎక్కించుకున్నోళ్లే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలీక మాటని నడిమికి విరిచి రాగం తీసేవాళ్లు. మేష్టరు బళ్లారి రాఘవ పేరు ఎత్తేది అప్పుడే. ఆయన బళ్లారిలో వకీలు, గొప్ప నటుడు, 1946లో పోయినాడు. పద్యానికి సాగదీసిన రాగాలు తగ్గించి భావం పలకాలన్న మనిషి. "రాఘవ వచ్చి చూస్తే మిమ్మల్ని జైల్లో పెట్టిస్తాడు" అని మేష్టరు తిట్టేది. పల్లె జనానికి మాత్రం రాగమే కావాల. ఆ తగువు ఇప్పటికీ తీరలే, తీరదు కూడా.

పుస్తకం చూడటమే తప్పని నేను అనుకోను, దానికి కారణం భారతం. కుప్పం, పలమనేరు, చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది దినాలు భారతం జరుగుతుంది. మధ్యాన్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ, అర్జునుడి తపస్సు మాను, చివరి దినం మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడు, సాయంత్రం నిప్పులు తొక్కేది. మేము బస్సులు మారి పోయేటోళ్లం. హరిదాసు చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు, మెడలో దండ. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారు దిద్దిన హరికథ తీరు అది. నిలబడి ఆడాల, పాడాల, అభినయించాల. పుస్తకం పట్టుకునేదానికి మూడో చెయ్యి లేదు. అదే ఊళ్లో పురాణం చెప్పే అయ్యవారు మాత్రం వ్యాసపీఠం మీద పుస్తకం తెరిచి పెట్టుకొని, కళ్లు మూసుకొని చెప్తా పోయేవాడు. పేజీ తిప్పేది కూడా కథకి సరిపోయేది కాదు. అక్కడ పుస్తకం జ్ఞాపకం కోసం కాదు. ఇది నా మాట కాదు, వ్యాసుడి మాట అని చెప్పేదానికి. దానికి సిగ్గేముంది?

బుర్రకథ చూడండి, దాంట్లో ఇంకో యుక్తి. నడుమ కథకుడు, అటొక వంత, ఇటొక వంత. వంతలు "తందాన తాన" అనే లోపల కథకుడికి ఊపిరీ దొరుకుతుంది, ముందు మాటా గుర్తొస్తుంది. హాస్యం చెప్పే వంత మంచోడైతే కథకుడు మరిచిపోయిన సంగతి జనానికి తెలీనే తెలీదు. షేక్ నాజర్ అంతటి మహానుభావుడికి ఆ అవసరం రాలేదేమో గానీ, మామూలోళ్లకి వంత అంటే సగం ప్రాణం.

అవధానం నేను చూసింది బెంగళూర్లో, రిటైరయినాక. అవధాని ముందు కాగితం లేదు, పెన్ను లేదు. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చున్నారు. ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమంటాడు, ఒకాయన అడుగడుగునా అక్షరం నిషేధిస్తాడు, ఒకాయన గంట కొడతాడు లెక్క పెట్టమని, ఇంకొకాయన మధ్యలో సంబంధం లేని మాటలడిగి చెడగొడతాడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం. నాలుగు ఆవృత్తులు అయినాక ధారణ, అన్ని పద్యాలూ మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాల. జనం అంతా అవధానిని చూస్తాండ్రి. నేను పృచ్ఛకుల చేతులు చూస్తాంటి. వాళ్లందరి చేతుల్లో కాగితాలు! పాదం చెప్పగానే రాసుకుంటాండారు. సరిచూసేటోడి దగ్గర కాగితం, చెప్పేటోడి దగ్గర ఏమీ లేదు. మా సైడువింగు మాదిరే గదా అనుకున్నా. మన కోలారులోనే 1962లో పుట్టిన శతావధాని ఆర్. గణేశ్ గారు 2012లో బెంగళూర్లో మొత్తం కన్నడంలోనే శతావధానం చేసినారు. అంటే నూరు మంది అడిగినవి నెత్తిన పెట్టుకొని దినాల తరబడి మొయ్యాల. ఈ మట్టిలో పుట్టిన మనిషి అని చెప్పుకునేదానికి నాకు గర్వంగా ఉంటుంది. మన పిల్లకాయలకి సినిమా కేజీఎఫ్ తెలుసు, ఈయన తెలీదు.

ఈ అవధానానికీ మా డ్రామాకీ చుట్టరికం ఉంది. మా కురుక్షేత్రం అంటే ఒక్కరు రాసిన నాటకం కాదు, నాలుగైదు చోట్ల నుంచి పద్యాలు తెచ్చి అతికిన బొంత. దాంట్లో జనం నోళ్లలో నానిన పద్యాలు ఎక్కువ తిరుపతి వెంకట కవులవి. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి, ఇద్దరూ ఊరూరా అవధానాలు చేసినోళ్లు. కాగితం లేకుండా నిలబడి పద్యం కట్టి, కట్టినదాన్ని మోసే అలవాటున్నోళ్లు రాసింది కాబట్టే ఆ పద్యం అంత సులువుగా నోటికి పడుతుందని నా లెక్క. పండితులు ఒప్పుకుంటారో లేదో. పదివేల అడుగుల లోతున, తమిళం చదివిన కుర్రోడు ఆ పద్యం తప్పు లేకుండా పాడినాడు. నాకు అది చాలు.

2001 ఫిబ్రవరి 28న మైన్సు మూసేసినారు. తర్వాత సంగతి మీకు తెలిసిందే. మారికుప్పం నుంచి తెల్లారక ముందే రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి ఇంటికొచ్చేటోడికి రిహార్సలు ఎక్కడ? మేష్టరు పోయినాడు, ప్రాంప్టరు మామ అంతకుముందే పోయినాడు. పల్లెల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు డ్రామా ఆడతారు. పిల్లోళ్లు ఫోన్లో వీడియో చూసి నేర్చుకుంటారు. తప్పు లేదు, చెవితోనే గదా నేర్చుకునేది. కాకపోతే ఆ పాడినాయన తప్పు పాడితే ఆ తప్పుతో సహా జిల్లా అంతా నేర్చుకుంటాంది. ఆపి, "ఏయ్, యతి ఏదిరా?" అని అడిగే మేష్టరు ఫోన్లో లేడు.

ఇంగ నీ పోటీకి నా తీర్పు ఇదీ. కథకి కాగితం పట్టుకో, పెద్ద అక్షరాలతో వరసగా నాలుగు మాటలు రాసుకో, చాలు. నడుమ పద్యం వస్తే మాత్రం తల ఎత్తి పాడు. ఫోను చేతిలో పెట్టుకోవద్దు. దాని ఎలుతురు మొహం మీద పడితే నువ్వు కథ చెప్తాండావో, మెసేజీ చూసుకుంటాండావో జనానికి తెలీదు.

నాదొక కోరిక కూడా ఉంది. నీకూ, ఇది వినే మన కేజీఎఫ్ ఇండ్లన్నిటికీ. ఛాంపియన్‌లో, మారికుప్పంలో, ఉరిగాంలో, బేతమంగళం చుట్టు పల్లెల్లో వేషం కట్టిన ప్రతి ఇంట్లోనూ అటక మీద ఒక నోటుబుక్కు ఉంటుంది. తాత పోయినాక పాత పేపర్లతో కలిపి తూకానికి ఏసేస్తాండారు. కన్నడ అక్షరాలు గదా, తమిళ అక్షరాలు గదా, మనకెందుకు అని పారేయొద్దు. గట్టిగా చదివి చూడండి, అది తెలుగు పద్యం. ముందుగా మొదటి పేజీ ఫోటో తీయండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు ఏ వేషం కట్టినారు అనేది దాంట్లోనే రాసి పెట్టుకునేవాళ్లు మావాళ్లు. తర్వాత మిగతా పేజీలన్నీ తీయండి. చెదలు పట్టకముందే, ఈ సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడే చెయ్యండి.